కురుమాన్‌లో మొఫాట్ దంపతుల దైనందిన జీవితం (1820–1870): ఇల్లు, నీరు, అనువాదం

ప్రవేశిక

లండన్ మిషనరీ సొసైటీ పేరు తెలుగు పరిశోధకులకు కొత్తది కాదు. 1795లో ఏర్పడిన ఆ సంస్థ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ సహకారంతో దెగ్రాంజ్ చేసిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. తెలుగు ముద్రణ చరిత్రను, వచన వికాసాన్ని చర్చించే ప్రతి గ్రంథమూ ఈ తేదీలను పేర్కొంటుంది. అయితే ఆ అనువాదకుడు ఏ ఇంట్లో కూర్చుని రాశాడు, ఆ ఇంటికి నీళ్ళు ఎవరు తెచ్చారు, అతడు ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఇంటిని ఎవరు నిలబెట్టారు అన్న ప్రశ్నలు మన సాహిత్య చరిత్రల్లో వినిపించవు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో మరణించడంతో విశాఖలోని ఆ తొలి మిషనరీ గృహాల కథ త్వరగానే ముగిసింది.

అదే సంస్థ దక్షిణాఫ్రికాకు పంపిన రాబర్ట్ మొఫాట్, మేరీ మొఫాట్ దంపతుల కథ అలా ముగియలేదు. కలహారి ఎడారి అంచున ఉన్న కురుమాన్ ప్రాంతంలో, త్స్వానా ప్రజల మధ్య, వారు దాదాపు అర్ధశతాబ్దం కాపురం చేశారు. యువదంపతులుగా వెళ్ళి, ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్దదిక్కై, డెబ్బయ్యయిదేళ్ళకు చేరువైన వయసులో తిరిగి వచ్చారు. వారి జీవితాన్ని తెలుసుకోవడానికి ప్రధానమైన ఆధారాలు మూడు: రాబర్ట్ 1842లో లండన్‌లో ప్రచురించిన అనుభవగ్రంథం, వారి కుమారుడు జాన్ 1885లో వెలువరించిన తల్లిదండ్రుల జీవితచరిత్ర, 1820–1828 నాటి లేఖలను, దినచర్యలను మానవశాస్త్రవేత్త ఐజాక్ షపేరా పరిష్కరించి 1951లో ప్రకటించిన సంపుటి. మొదటిది పాఠకలోకాన్ని ఉద్దేశించినది. మూడవది తల్లికి, తండ్రికి, తోబుట్టువులకు రాసుకొన్నది. ఈ రెండింటి స్వరాలు ఒకటి కావు. మొఫాట్ దంపతులు ఇంటిపనిలో స్థానిక పద్ధతులను స్వీకరించినంత సులభంగా, అనువాదంలో స్థానిక విశ్వాసాలకు చోటివ్వలేకపోయారు. వారి దినచర్యను దగ్గరగా చూసినప్పుడే ఈ వ్యత్యాసం స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

అలికిన ఇల్లు

రాబర్ట్ 1795లో స్కాట్లండ్‌లోని ఆర్మిస్టన్‌లో పుట్టాడు. వృత్తిరీత్యా తోటమాలి. ఇంగ్లండ్‌లోని డకిన్‌ఫీల్డ్‌లో ఒక నర్సరీలో పనిచేస్తూ, ఆ నర్సరీ యజమాని కూతురు మేరీ స్మిత్‌ను ప్రేమించాడు. ఆమెదీ అదే ఈడు. రాబర్ట్ 1817 ఆరంభానికి కేప్ చేరాడు. కూతురిని అంత దూరం పంపడానికి తల్లిదండ్రులు మొదట ఒప్పుకోలేదు. చివరికి 1819లో ఆమె ఒంటరిగా ఓడెక్కింది. ఆ డిసెంబరులో కేప్‌టౌన్‌లో వారి వివాహం జరిగింది. మరుసటి ఏడాదే ఎద్దుబండిలో ఉత్తరదిశగా ప్రయాణం.

1820ల తొలినాళ్ళలో మేరీ స్వదేశానికి రాసిన ఒక లేఖ తెలుగు పాఠకుణ్ణి ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. తమ గదుల నేలలన్నింటినీ వారానికి ఒక్కసారైనా ఆవుపేడతో అలుకుతామని, ఈ మాట మీకు వింతగా తోచవచ్చునని అందులో రాసింది. గ్రీక్వాల ఊరిలో హెల్మ్ అనే సాటి మిషనరీ భార్య అలా అలకడం మొదటిసారి చూసినప్పుడు, ఈ మురికిపని లేకుండానే తాను నెట్టుకొస్తానని ఆమె అనుకొన్నది. ఎంతోకాలం గడవకుండానే ఆ పంతం సడలింది. ఇప్పుడు శనివారం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నానని ఒప్పుకొన్నది. పేడనీళ్ళు దుమ్మును అణచివేస్తాయి, ఈగిపురుగులను చంపుతాయి, నేలకు చక్కని పచ్చదనాన్ని ఇస్తాయి. పేడను నీళ్ళలో కలిపి వీలైనంత పలుచగా పూయాలన్న మెలకువ కూడా ఆమె లేఖలో ఉన్నది. పుట్టింట్లో బాగా తోమి కడిగిన గదిని చూసి ఎంత తృప్తిపడేదో, అలికిన నేలను చూసి ఇప్పుడు అంతే తృప్తిపడుతున్నానని చెప్పుకొన్నది.

మన ఇళ్ళలో అలుకు తెలియనివారికి ఈ లేఖ ఒక వింత. తెలిసినవారికి ఆమె చేతిపని వెంటనే అర్థమవుతుంది. నాగరికతను మోసుకొని వెళ్తున్నామని నమ్మిన సంస్థకు చెందిన స్త్రీ ఒక్క ఏడాదిలోపే శుభ్రత అన్న మాటకు కొత్త అర్థం నేర్చుకొన్నది. ఏది మురికి, ఏది శుచి అన్న విషయంలో ఆమె పుట్టింటి పాఠం ఈ నేల మీద చెల్లలేదు. ఆమె దానిని దాచుకోనూ లేదు. రాబర్ట్ 1842 గ్రంథంలో మాత్రం శుభ్రత పాఠం ఒకవైపే నడుస్తుంది. ఒంటికి ఎర్రమట్టి, కొవ్వు పూసుకొన్నవారు ఇంట్లోకి వచ్చి కూర్చుంటే తాకిన ప్రతి వస్తువుకూ ఆ రంగు అంటుకొనేదన్న ఫిర్యాదు అందులో ఉన్నది.

ఆ తొలి సంవత్సరాల ఇంటికి తలుపున్నా లేనట్టే. రోజంతా ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. పనిముట్లు మాయమయ్యేవి. బోధన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి పొయ్యిమీది కుండలో మాంసం పోయి, దాని స్థానంలో రాయి ఉండేదని రాబర్ట్ హాస్యంగానే రాశాడు. పొయ్యి రాజేసి, ఆ కుండను ఎక్కించిన మేరీకి అందులో ఎంత హాస్యం కనిపించిందో ఊహించుకోవచ్చు.

త్స్వానాలు ఆమెను 'మా-మేరీ' అని, అతడిని 'రా-మేరీ' అని పిలిచేవారు. 1821లో పుట్టిన పెద్దకూతురి పేరూ మేరీయే గనుక, ఆ పిలుపులకు మేరీ తల్లి, మేరీ తండ్రి అని అర్థం. బిడ్డ పేరుతో తల్లిదండ్రులను పిలవడం మన పల్లెల్లోనూ ఉన్నదే. త్స్వానా సమాజంలో అది గౌరవం. ఇంగ్లండ్‌లోని సంస్థ కాగితాల్లో ఆమె మొఫాట్ గారి భార్య. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథను పాఠంగా చెప్పేవారికి, అలుకుతూ అలుకుతూ పేరు మరచిన ఆ ఇల్లాలు ఇక్కడ గుర్తుకు రాక మానదు. అయితే పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. మేరీ తన పేరుతోనే ఎడతెగకుండా ఉత్తరాలు రాసింది. నేడు మనకు ఆ ఇంటి చరిత్ర మిగిలింది చాలావరకు వాటివల్లనే.

నీటి తగాదా

కురుమాన్‌కు ప్రాణం ఒక ఊట. రోజుకు సుమారు 2 కోట్ల లీటర్ల నీరు ఆ సున్నపురాతి పొరల నుంచి ఉబికి వస్తుంది. అయితే మిషన్ స్థావరం ఊట పక్కన లేదు. తోటకు నీరు అందాలంటే మైళ్ళ పొడవున కాలువ తవ్వాలి. తోటమాలి అయిన రాబర్ట్, అతనికన్నా ముందే అక్కడికి వచ్చిన వడ్రంగి రాబర్ట్ హామిల్టన్ కలిసి ఆ పని చేశారు.

త్స్వానా సమాజంలో వ్యవసాయం స్త్రీల పని. ఇల్లు కట్టడమూ వారిదే. మిషన్ తోట పచ్చగా ఉండటం చూసిన స్త్రీలు, అదే నీటిపై తమకూ హక్కు ఉన్నదని భావించి కాలువకు గండికొట్టి తమ చేలకు మళ్ళించుకొన్నారు. రాబర్ట్, హామిల్టన్ వంతులవారీగా, మధ్యాహ్నం మూడు గంటల మండుటెండలో, పార భుజాన వేసుకొని మూడు మైళ్ళు నడిచి గండ్లు పూడ్చి వచ్చేవారు. అప్పుడే రాత్రికి తోటకు నీరు చేరేది. రాత్రి నిద్ర మాని మడులు తడిపేవారు. ఒకసారి స్త్రీలు పారలు, గొడ్డళ్ళు పట్టుకొని ఆనకట్టనే తెగ్గొట్టారు. కాలువ కింద చేలున్న ఏ గ్రామస్థుడికైనా ఈ తగాదా స్వభావాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. రాబర్ట్ కూడా ఆ స్త్రీలు అలా భావించడం సహజమేనని తన గ్రంథంలో అంగీకరించాడు. ఆ వాక్యం దగ్గర చరిత్రకారుడు ఆగాలి. ఎందుకంటే హక్కు సహజమని ఒప్పుకొన్న చేయే గండ్లు పూడ్చింది. జాన్, జీన్ కమరాఫ్‌లు 1991, 1997లలో రెండు సంపుటాలుగా ప్రకటించిన పరిశోధనలో నీరు, నేల, గృహం చుట్టూ జరిగిన ఇటువంటి నిత్యఘర్షణలనే వలసపాలనకు ముందుమాటగా గుర్తించారు. ఈ వాదనలో బలం ఉన్నది. కానీ తోట ఎండితే ఆ ఇంట్లో పిల్లలకు తిండి లేదన్న సంగతి కూడా ఆ మూడు మైళ్ళ నడకలో ఉన్నది.

వాన లేని సంవత్సరాల్లో నిందంతా మిషనరీల మీదికి మళ్ళింది. వానను రప్పించే మాంత్రికుడు ఫలితం చూపలేక, వారి గంట మోతను, ప్రార్థనలను కారణంగా చూపాడు. ఈటె పట్టుకొన్న పెద్దలు వచ్చి ఊరు విడిచిపొమ్మన్నారు. రాబర్ట్ ఛాతీ చూపి నిలబడ్డాడు. ఈ దృశ్యాన్ని తరువాతి మిషన్ పుస్తకాలు పదేపదే వర్ణించాయి. చంటిబిడ్డను ఎత్తుకొని గుమ్మంలో నిలబడిన మేరీ ఆ వర్ణనల్లో సాధారణంగా ఒక్క ఉపవాక్యానికే పరిమితమైంది.

సూది, కొవ్వొత్తి

1829లో తొలిసారి ఆరుగురు జ్ఞానస్నానం పొందారు. అంతకు కొన్నేళ్ళ ముందే, ఒక్కరూ మతంలోకి రాని రోజుల్లో, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉన్న స్నేహితురాలు ఏమి పంపమంటావని అడిగితే, ప్రభురాత్రి భోజనానికి కావలసిన పాత్రలు పంపమని మేరీ రాసింది. అవి సముద్రం దాటి, బండ్ల మీద నెలల తరబడి ప్రయాణించి, సరిగ్గా ఆ తొలి ఆరాధన ముందు కురుమాన్‌కు చేరాయి. భక్తులు దీనిని అద్భుతంగా చెప్పుకొంటారు. చరిత్ర విద్యార్థికి ఇది ఆ ఇంటి కాలమానాన్ని చూపుతుంది. అక్కడ ఏది కావాలన్నా సంవత్సరాల ముందు తలచుకోవాలి. సూది, ఉప్పు, కాగితం, మందు, అన్నీ అంతే.

ఆ ఏడాది నుంచి మేరీ ఇంటి పని రెట్టింపయింది. బట్టలు కావాలన్నవారు పెరిగారు. ఆమె కుట్టుబడి మొదలుపెట్టింది. త్స్వానాలలో తోళ్ళు కుట్టడం మగవారి పని. మిషన్ బడిలో సూది ఆడవారి చేతికి వచ్చింది. పొలం, ఇల్లు కట్టడం నెమ్మదిగా మగవారివైపు జరిగాయి. నాగలి వచ్చాక ఈ మార్పు మరింత బలపడింది. ఒక సమాజంలో శ్రమవిభజన తారుమారు కావడం శాసనాలతోనే మొదలు కావాలని లేదు. అంగుస్తాను తొడుక్కోవడం తెలియని వేళ్ళకు కుట్టు నేర్పిన మధ్యాహ్నాల్లో కూడా అది మొదలవుతుంది. మేరీకి తాను ఇంత పెద్ద మార్పు చేస్తున్నానన్న స్పృహ లేదనే నా అభిప్రాయం. ఆమెకు తెలిసిన స్త్రీవిద్య అది. దానినే నేర్పింది.

కొవ్వొత్తుల సంగతీ ఇటువంటిదే. అంతవరకు ఒంటికి పూసుకొన్న కొవ్వును జనం అచ్చుల్లో పోసి, గుడ్డపేలికలతో ఒత్తులు చేసి, ఇళ్ళ గోడలకు గుత్తులుగా వేలాడదీశారు. ఆ వెలుగులో అక్షరాలు నేర్చుకొనేవారు.

మాట

రాబర్ట్ తొలి రోజుల్లో డచ్చి భాషలో బోధిస్తే దుబాసీ సెత్స్వానాలోకి చెప్పేవాడు. ఆత్మరక్షణ చాలా గొప్ప విషయమని బోధకుడు చెప్పగా, దుబాసీ దానిని చాలా పెద్ద గోనెసంచి అని వినిపించాడు. డచ్చిలో 'విషయం', 'సంచి' అనే అర్థాలున్న పదాల ఉచ్చారణ చాలా దగ్గర. ఇలాంటి అనుభవాల తరువాత, 1820ల ఉత్తరార్ధంలో, రాబర్ట్ డచ్చి మాట వినపడని చోట బారోలాంగ్ తెగవారితో కొన్ని వారాలు కలిసి తిరిగి భాష నేర్చాడు. ఆ వారాలలో కురుమాన్ ఇల్లు, పిల్లలు, బడి మేరీవి.

తెలుగులోకి అనువదించినవారికి శతాబ్దాల సాహిత్యం, వ్యాకరణం, నిఘంటువు, పండితుడు అందుబాటులో ఉన్నారు. సెత్స్వానాకు లిపి లేదు. రాబర్ట్ లిపిని కూర్చి, లూకా సువార్తను అనువదించి 1830లో కేప్‌టౌన్‌లో అచ్చు వేయించడానికి వెళ్ళాడు. అచ్చుపనివారు దొరకక ప్రభుత్వ ముద్రణాలయంలో తానే ఆ పని నేర్చుకొని చేశాడు. మరుసటి ఏడాది ఒక ముద్రణయంత్రంతో కురుమాన్‌కు తిరిగివచ్చాడు. కొత్త నిబంధన 1840లో లండన్‌లోను, సంపూర్ణ బైబిలు 1857లో కురుమాన్‌లోనే వెలువడ్డాయి. ఉదయం తోట, కమ్మరి కొలిమి, రోగులు, బడి, ఆ పైన అనువాదం. ముప్పయ్యేళ్ళ దినచర్య ఇది. ఒక మనిషి ఇంత పని చేయగలిగాడంటే మిగిలిన పనులన్నీ ఇంకెవరో చేశారని అర్థం. ఆ ఇంకెవరిలో మేరీతోపాటు వంటింట్లో, దొడ్డిలో, కొలిమి దగ్గర పనిచేసిన త్స్వానా స్త్రీపురుషులూ ఉన్నారు. వారిలో చాలామంది పేర్లు గ్రంథాలకెక్కలేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. దేవుడు అన్న అర్థానికి రాబర్ట్ స్థానికపదమైన 'మొదిమో'ను తీసుకొన్నాడు. అదే ప్రకృతి నుంచి వచ్చిన 'బదిమో' అనే మాటకు త్స్వానాలలో గతించిన పెద్దలు, కుటుంబాన్ని కాచే పితృదేవతలు అని అర్థం. సువార్తల్లో యేసు వెళ్ళగొట్టే దయ్యాలకు అతడు ఈ మాటను వాడాడు. బొత్సువానాకు చెందిన బైబిలు పండితురాలు ముసా దూబే 1999లో ప్రకటించిన వ్యాసంలో దీనిని సంస్కృతిపై వేసిన బాంబుగా వర్ణించింది. తన మాతృభాషలో బైబిలు చదివే త్స్వానా బిడ్డకు, తన తాతముత్తాతలే దయ్యాలుగా కనిపిస్తారు.

పెద్దలకు పెట్టుకొనే ఆచారం ఉన్న తెలుగు సమాజానికి ఈ గాయం తీవ్రత తెలుస్తుంది. మన 'దయ్యము' చరిత్ర కూడా ఇక్కడ స్మరణీయమే. అది 'దైవము'కు వికృతి. ప్రాచీన కావ్యాల్లో దేవుడు, విధి అన్న అర్థాల్లో వాడిన మాట. కాలక్రమంలో భాషలోనే అర్థాపకర్ష పొంది భూతవాచకమైంది. సెత్స్వానాలో ఆ దిగజారుడు శతాబ్దాలుగా జరిగినది కాదు. ఒక అనువాదకుడి బల్ల మీద జరిగింది. పేడ అలుకులోని శుచిని గ్రహించగలిగిన ఆ ఇంట్లోనే పితృభక్తిలోని శుచి గ్రహింపునకు రాలేదు. నేలతో వచ్చిన చిక్కు వారిదే, అందుకే పక్కింటివారిని అడిగి నేర్చుకొన్నారు. బదిమో విషయంలో వారు నేర్పేవారమనుకొన్నారు తప్ప నేర్చుకొనేవారమనుకోలేదు.

ఎడబాటు

మేరీకి పదిమంది పిల్లలు. చదువుల కోసం వారిని గ్రహమ్స్‌టౌన్ ప్రాంతానికి ఎద్దుబండిలో ఆమె స్వయంగా తీసుకొని వెళ్ళేది. తరువాత వారు ఇంగ్లండ్‌కు వెళ్తే ఎడబాటు సంవత్సరాలకు పెరిగేది. 1839లో వారు స్వదేశానికి ఓడెక్కినప్పుడు టేబుల్ బే రేవులోనే ఆమె ప్రసవించింది. ఆ రోజుల్లోనే ఓడలో తట్టు సోకి ఆరేళ్ళ జేమ్స్ మరణించాడు. రాబర్ట్ 1829 నుంచి 1859 వరకు అయిదుసార్లు అండెబెలె రాజు ఎమ్జిలికాజి దగ్గరికి నెలల తరబడి ప్రయాణం చేశాడు. ప్రతిసారీ స్థావరం బాధ్యత మేరీపై పడింది.

పెద్దకూతురు మేరీ 1845లో డేవిడ్ లివింగ్‌స్టన్‌ను పెళ్ళాడింది. 1850 ప్రయాణం తరువాత ఆమె పసికందు మరణించింది. 1851లో మళ్ళీ నిండుచూలాలిని ఎడారి దాటించి తీసుకొనిపోతున్నాడని తెలిసి, మేరీ అల్లుడికి రాసిన లేఖ ఆమె లేఖలన్నిటిలోకి కఠినమైనది. ఒక బిడ్డను పోగొట్టుకొన్నది చాలదా, ముందువెనుకలు ఆలోచించే మనుషులు మీ గురించి ఏమనుకొంటారు అని ఆమె నేరుగా నిలదీసింది. మతసేవ కోసం కుటుంబాన్ని ఎంతవరకు పణంగా పెట్టవచ్చు అన్న ప్రశ్నను ఆ సంస్థ లోపలి నుంచి, అర్హత గల గొంతుతో అడిగిన లేఖ ఇది. లివింగ్‌స్టన్ ఆగలేదు. 1862 ఏప్రిల్ 27న కూతురు జాంబెజీ ఒడ్డున షుపాంగలో జ్వరంతో మరణించింది. పెద్దకొడుకు రాబర్ట్ పోయినదీ ఆ ఏడాదే. 1866లో మరో అల్లుడు, ఫ్రెంచి మిషనరీ ఫ్రెదూ, మందుగుండు పేలుడులో చనిపోయాడు.

1870 మార్చిలో దంపతులు కురుమాన్‌ను విడిచారు. పిల్లల్లో కొందరి సమాధులు, యాభై ఏళ్ళ తోట, రాబర్ట్ కట్టిన రాతి ఆలయం అక్కడే ఉండిపోయాయి. ఇంగ్లండ్ చేరిన కొద్ది నెలలకే, 1871 జనవరిలో, లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో మేరీ కన్నుమూసింది. అర్ధశతాబ్దం పాటు తనకోసం ప్రార్థించే మనిషి ఉండేదని రాబర్ట్ అప్పుడు అన్నాడు. రాబర్ట్ 1883 వరకు జీవించాడు.

తన పనికి తాను ఎన్నడూ అడ్డురాలేదని మేరీ ఒకసారి చెప్పుకొన్నదట. రాబర్ట్ ఆ మాట నిజమేనని, పైగా తనను నెలలకొద్దీ ఇల్లు విడిచి బోధనకు వెళ్ళమని పంపినదీ ఆమేనని, తాను లేనప్పుడు స్థావరాన్ని తనకన్నా బాగానే నడిపిందని బదులిచ్చాడు. ఈ సంభాషణను కొడుకు జాన్ రాసిన జీవితచరిత్ర భద్రపరచింది. ఆ గ్రంథం పేరులో తండ్రితో పాటు తల్లి పేరును కూడా చేర్చినవాడు అతడే.